మాట అందించకుండా ఆగడం నేర్చుకున్నాను

ఆ రోజు మా ఆయన సుక్రు, సంత నుంచి గోడలు పట్టుకుంటూ ఇంటికొచ్చాడు. నడక ఒక పక్కకి లాగేస్తోంది, మాట ముద్దగా ఉంది. గుమ్మంలోనే వాంతి చేసుకున్నాడు. జీలుగు కల్లు దిగే రోజులవి. మా డుంబ్రిగుడ వైపు ఆ రోజుల్లో మగవాడు తూలితే ఎందుకని ఎవరూ అడగరు. నేనూ అడగలేదు. "ఎంత తాగావు మావా?" అని నాలుగు తిట్టి, అంబలి తాగించి పడుకోబెట్టాను. "తాగనేదే" అంటూనే ఉన్నాడు. నేను నమ్మలేదు.

తెల్లారి లేచి కూర్చోలేకపోయాడు. 108లో అరకు ఆసుపత్రికి, అక్కడి నుంచి ఘాట్ రోడ్డు దిగి విశాఖకు తీసుకెళ్లాం. ఎంఆర్ఐ చూసి డాక్టరమ్మ చెప్పింది: "సెరిబెల్లమ్‌లో స్ట్రోక్. చిన్నమెదడు కుడివైపు రక్తం అందలేదు. నిన్ననే తెస్తే బాగుండేది." నేను తలెత్తలేకపోయాను.

మందులు, ఫిజియోథెరపీ. రెండు నెలలకు కర్ర లేకుండా నడిచాడు. గండం గడిచిందని కోడిని కోసి మొక్కు తీర్చాం. అసలు కష్టం ఆ తర్వాత తెలిసింది.

మా ఆయన ఊరి బారికి. పెద్దలు చెప్పిన కబురు ఇంటింటికీ, పక్క ఊళ్లకీ నోటిమాటగా చేర్చడం ఆయన పని. ఒకసారి వింటే చాలు, అక్షరం పోకుండా ఊరంతా చెప్పేవాడు. అలాంటి మనిషి జబ్బు తర్వాత మొదటి కబురుకే మూడో ఇంటి ముందు నిలబడిపోయాడు. "మంగళవారం పొద్దున్న..." అన్నాడు. ఆపైన రాలేదు. వెనకున్న నేను గబుక్కున అందించాను: "మీటింగుంది, కాఫీ తోటల పట్టాలు అట్టుకురండి." అప్పట్నుంచి సగం ఆయన, సగం నేను. పోనుపోను మొత్తం నేనే. నాకు నోరెక్కువని మా అత్త ఊరికే అనేది కాదు.

ఆయన బయటికి రావడం మానేశాడు. పెద్దలు ఇంకో బారికిని చూస్తామన్నారు. "నానింక ఎందుకూ పనికిరానే" అన్నాడొక సాయంత్రం. ఆసుపత్రిలో కూడా నేను అంత ఏడవలేదు.

మళ్లీ విశాఖ వెళ్లాం. "చిన్నమెదడంటే నడక, బ్యాలెన్స్ అనే అనుకుంటారు. విన్న మాటల్ని మనసులో వరసగా తిప్పుకుంటూ పట్టి ఉంచడానికీ, కావలసిన మాట వెతుక్కోవడానికీ అది సాయం చేస్తుంది" అని చెప్పి డాక్టరమ్మ స్పీచ్ థెరపీకి పంపింది. అక్కడి అమ్మాయి "ఉల్లి, గొడ్డలి, వాన" అని, కాసేపాగి తిరిగి చెప్పమంది. ఆయన రెండు చెప్పాడు. మూడోది నేను చెప్పేశాను.

"పరీక్ష ఆయనకా, మీకా అమ్మా?" అంది ఆ అమ్మాయి. జబ్బు చేశాక మా ఆయన పగలబడి నవ్వడం అదే మొదలు.

కబురును మూడు ముక్కలు చేసుకుని, దారంతా పైకి అనుకుంటూ వెళ్లమంది. నన్ను నోరు మూసుకోమంది. ఇద్దరిలో నా వైద్యమే కష్టం. ఆర్నెల్లు కాఫీ తోటలో సాధన చేశాం. కొన్ని రోజులు ఒక్క ముక్కా నిలిచేది కాదు, విసుగొచ్చి అలిగి కూర్చునేవాడు.

చివరికి పెద్దలు ఒక్క అవకాశం ఇచ్చారు. పక్క ఊరికి కబురు. దారంతా గొణుక్కుంటూ నడిచాడు, వెనకే నేను. మొదటి ఇంటి ముసలాయన "ఏటి కబురు సుక్రూ?" అన్నాడు.

"రోడ్డు మంజూరైనాది. గురువారం కొలతలకొస్తారు..." అని ఆగిపోయాడు. పెదాలు కదులుతున్నాయి, మాట లేదు. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఎంతసేపో తెలియదు. "ఇంటికొకరు బేగి రావాల!" అన్నాడు. అని నా వైపు తిరిగి, "ఏటే, ఏడుస్తన్నావా? కబురు మంచిదే గదే!" అన్నాడు.

ఇప్పటికీ ఆయనే బారికి. బీపీ మాత్ర తప్పనివ్వడు. పెద్ద కబురైతే రెండుసార్లు చెప్పించుకుంటాడు.

మీ ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే ఒక్కటే చెప్తాను: వెతుక్కుంటున్న మాట మీరు అందించకండి, ఆగండి. అలసిన రోజున మా ఆయనకు నా పేరు కూడా వెంటనే తోచదు. నన్నే చూస్తూ వెతుక్కుంటాడు. నేను పక్కనే కూర్చుంటాను. నా పేరు నేనే అందించి పిలిపించుకోవడం నాకిష్టం లేదు.