మైక్రోఫోన్ దగ్గర టిక్కు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంతోష్‌నగర్‌లోని మా ఇంటి ముందుగదిలో టీవీ పక్కనే ఒక కంప్యూటర్ ఉండేది. దానికి టీవీ కార్డు పెట్టించాను. సాఫ్ట్‌వేర్‌లో టైము పెట్టి వదిలేస్తే, మనం ఇంట్లో లేకపోయినా టీవీ కార్యక్రమం దానంతటదే రికార్డయ్యేది. సర్కారు ఆఫీసులో గుమాస్తాకు ఈ హంగులెందుకని మావాళ్లు ఆటపట్టించేవాళ్లు. నేను గాయకుణ్ణి కదా. అప్పట్లో ఆ మాట ఎంత ధీమాగా అనేవాణ్ణో.

అప్పటికి ఎనిమిదేళ్లుగా వినాయక మండపాల్లో, పెళ్లిళ్లలో పాడుతున్నాను. హార్మోనియం మా వీధిలోని ఒక మిత్రుడిది. నాకంటే చిన్నవాడు, నన్ను అన్నా అని పిలుస్తాడు. ఒకసారి లోకల్ కేబుల్ ఛానల్ వాళ్లు మా ఇద్దరినీ పిలిచి ఒక భక్తి పాట పాడించుకున్నారు. అది ఆదివారం పొద్దున ప్రసారమన్నారు. సరిగ్గా ఆ పూటే నాకు ఓటర్ల జాబితా డ్యూటీ పడింది. టైము పెట్టి, ఏడుస్తూ వెళ్లాను.

ఆ పై ఆదివారం నుంచి మా ఇంట్లో పిల్లలకు పాటల క్లాసు మొదలుపెట్టాలి. అయిదిళ్ల వాళ్లు పంపుతామని మాటిచ్చారు. బేగంబజార్ పోయి పెద్ద చాపలు తెచ్చాను. మొదటిరోజే ఆ వీడియో వేసి, తమకు నేర్పేది ఎవరో పిల్లలకు చూపించాలని నా ఆరాటం.

మధ్యాహ్నం ఇంటికొచ్చి చూస్తే బొమ్మ బ్రహ్మాండంగా ఉంది. పాట మాత్రం లేదు. స్పీకర్ల వైర్లు పీకి మళ్లీ పెట్టాను. కార్డుతో ఇచ్చిన సీడీ వేసి డ్రైవర్ మళ్లీ ఎక్కించాను. డబ్బా విప్పి, టీవీ కార్డు నుంచి సౌండ్ కార్డుకు పోయే పొట్టి వైరు ఊడిందేమో చూశాను. ఊడలేదు. కార్డు అమ్మినవాణ్ణీ ఛానల్ వాళ్లనూ వరసబెట్టి తిట్టుకున్నాను. చివరికి హెడ్‌ఫోన్ తగిలించుకుని వాల్యూమ్ పూర్తిగా పెంచితే కుక్కర్ విజిల్ వినపడింది.

స్టూడియోలో కుక్కరేమిటి? రికార్డింగ్ సెట్టింగులు తెరిచాను. టీవీ శబ్దం తీసుకునే లైన్ ఇన్ దగ్గర ఉండాల్సిన టిక్కు మైక్రోఫోన్ దగ్గరుంది. అంతకుముందు వారం నా సాధన రికార్డు చేసుకోవడానికి నేనే మార్చి, తిరిగి మార్చడం మరిచిపోయాను. అంటే వీడియోలో బొమ్మ టీవీది, శబ్దం మా ముందుగదిది. నా తెలివికి నాకే నవ్వొచ్చింది. ఆ పొద్దున మా ఆవిడా మిత్రుడూ అక్కడే కూర్చుని టీవీలో పాట చూశారు. పోనీ, వాళ్ల మెచ్చుకోళ్లయినా విందామని మొదటి నుంచి పెట్టాను.

దూరంగా హార్మోనియం మొదలైంది. నా గొంతు రెండు మాటలు పలికిందో లేదో మిత్రుడి మాట వినపడింది.

"వదినా, జర సౌండ్ తక్కువ జెయ్యి. చరణం కాడ అన్న గొంతు మస్తు కిందికి పోతది."

టీవీలోంచి వస్తున్న నా గొంతు ఆగిపోయింది.

"తెల్వదా తమ్మీ, రోజూ వింటలేనా," అంది మా ఆవిడ.

"ఎనిమిదేండ్ల సంది నేనే హార్మోనియం గట్టిగ వాయించి కప్పుతున్న. ఒక్కసారన్న చెప్పుదమంటే నువ్వు వద్దంటివి."

"చెప్తే పాట మానేస్తడు. మానేసి ఇంట్ల కూసుంటే ఆ లొల్లి ఎవరు పడాలె?"

"మరి పిల్లలకు నేర్పుతనంటుండు గదా."

"ఫికర్ జెయ్యకు. నెల తిరగంగనే వాళ్లే బంద్ జేస్తరు."

ఇద్దరూ నవ్వారు. తెర మీద నేను కళ్లు మూసుకుని, చెయ్యెత్తి, తన్మయంగా పాడుతూనే ఉన్నాను.

ఒళ్లు మండిపోయింది. మా ఆవిడ కూరగాయలకు వెళ్లింది కాబట్టి సరిపోయింది. టిక్కు అక్కడే ఉంచి, మైకు దగ్గరికి లాక్కుని ఆ చరణం పాడాను. విన్నాను. పై స్వరం దగ్గర గొంతు జారింది. మూడుసార్లు పాడితే మూడుసార్లూ జారింది. వాళ్లన్నది నిజమే. నిజమని తేలాక కోపం ఇంకా పెరిగింది. ఆ ఒక్క ముక్క నా మొహం మీద అని ఉంటే ఎనిమిదేళ్లలో దిద్దుకోకపోయేవాణ్ణా? నన్ను మనిషిగా కాక, ఊరుకోబెట్టాల్సిన చంటిపిల్లాడిగా చూశారు. వాళ్లిద్దర్నీ నమ్మినంతగా నేను ఎవర్నీ నమ్మలేదు.

మర్నాడు ఆఫీసు నుంచి వస్తూ అయిదిళ్లకూ వెళ్లి, క్లాసు లేదని చెప్పేశాను. ఇంట్లో ఆ సంగతి చెప్పలేదు; వీడియోకి సౌండ్ రాలేదని మాత్రం ముందురోజే మా ఆవిడతో అన్నాను. కాసేపటికి సాధనకని మిత్రుడు ఎప్పటిలాగే హార్మోనియం తెచ్చుకుని వచ్చాడు.

"సౌండ్ దొరికిందా అన్నా?"

"లేదు. అదే పాట వాయించు."

పల్లవి పాడాను. చరణం రాగానే అతని తల హార్మోనియం మెట్ల మీదికి వంగింది, ఎడమ చెయ్యి తిత్తిని జోరుగా ఊపింది. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. పై వరసంతా హార్మోనియం ఒక్కటే మోగింది. అది అయిపోయాక అతను తలెత్తి నా మూసిన నోరు చూశాడు. అతని మొహం రంగు మారింది. తిత్తి మూసి కొక్కెం పెట్టాడు.

వంటింట్లోంచి మా ఆవిడ చాయ్ పట్టుకొచ్చింది.

"ఇయ్యాల చరణం మంచిగ పాడినవ్," అంది. "ఆదివారం పిల్లల ముంగట గూడ గిట్లనే పాడు."