ఏతాన్ నిద్ర చెడగొట్టిన డప్పు

ఆస్ట్రేలియా ఎడారిలో కాల్గూర్లీ నగరాన్ని పెంచినవాళ్ళ కథలు వాళ్ళ గొంతుతోనే రికార్డు చేసే పని ఒకటి నడుస్తోంది. బంగారం తవ్వినవాళ్ళ మనవళ్ళు, పబ్బులు నడిపినవాళ్ళ కూతుళ్ళు వరసగా వెళ్ళి చెప్పి వచ్చారు. అమృతం ఆంటీని ఎవరూ పిలవలేదు. పిలవకపోతే పోనీ, ఆవిడ కథ చెప్పడానికి నేనున్నాను. మైనింగ్ చదువు మధ్యలో వదిలేసినవాణ్ణే. అందువల్ల నష్టపోయింది గనులు, నేను కాదు. నేను కాలేజీ మానేసిన వారమే బంగారం ధర పడిపోయింది. కావాలంటే ఎవరినైనా అడగండి, లెక్కలు తెలిసినవాళ్ళని తప్ప.

ఆంటీది నరసాపురం. ఇక్కడ ముసలివాళ్ళను చూసుకునే ఆశ్రమంలో పని. భర్త విలియం అంకుల్ గనిలో వెల్డరు. గోదావరి పక్కన పుట్టిన మనిషి, తాగే నీళ్ళు కూడా ఆరొందల కిలోమీటర్ల అవతలి పెర్త్ వైపు నుంచి గొట్టంలో రావలసిన ఊళ్ళో కాపురం పెట్టింది. ఇక్కడి ఎండ ఎలాంటిదంటే, మా పెరట్లో ఒక బల్లి నా చెప్పులు తొడుక్కుని అవతలి గోడదాకా నడవడం నేను కళ్ళారా చూశాను. ఆదివారం ప్రార్థనయ్యాక స్టూడెంట్లందరికీ ఆంటీ ఇంట్లోనే భోజనం. పాట పాడనివాడి కంచంలో పెరుగు పడేది కాదు.

రెండువేల తొమ్మిది డిసెంబరులో ఆవిడకు పంతం పట్టుకుంది. కేరల్స్‌కి వెళ్ళాలి. వాళ్ళ వైపు క్రిస్మస్ ముందు జట్టుగా, డప్పు కొట్టుకుంటూ ఇంటింటి ముందూ పాడతారు. ఒక్క గుమ్మం వదిలినా ఆ ఇంటిని వెలివేసినట్టే. అంకుల్ ఇనపకమ్మీ వంచి చట్రం అతికి, దానికి కంగారూ తోలు బిగించాడు. ఊళ్ళో అయితే డప్పుని మంట మీద కాచాలి. ఇక్కడ కారు బానెట్ మీద పెడితే చాలు, టీ తాగి వచ్చేలోపు కంచులా మోగేది. దాని చప్పుడుకి పెర్త్‌లో కుక్కలు మొరిగాయంటే నమ్మనివాళ్ళున్నారు. వాళ్ళెవరూ ఆ రోజు పెర్త్‌లో లేరు.

ఎండ ముదరకుండానే వెళ్ళాలని శనివారం పొద్దున్నే బయల్దేరాం. మేం మొదట వెళ్ళిన వీధిలో కిటికీలకు సిల్వర్ ఫాయిల్ అతికించి ఉంది. ఇళ్ళన్నీ తళతళలాడుతున్నాయి. పండగ అలంకరణ అనుకుని ఆంటీ మురిసిపోయింది. అన్నిటికన్నా ఎక్కువ మెరుస్తున్న ఇంటి ముందు మమ్మల్ని నిలబెట్టింది.

"గట్టిగా వాయించరా డేనీ. ఈళ్ళకి భక్తెక్కువ."

వాయించాను. డ్రాయరు మీద తలుపు తీసినవాడు ఏతాన్. రాత్రంతా గనిలో ట్రక్కు నడిపి అప్పుడే కన్ను మూశాడట. ఆ ఫాయిల్, నైట్ షిఫ్టువాళ్ళు పగటి వెలుతురు లోపలికి రాకుండా అతికించుకున్నది. అతను అన్న మాటలు మా ప్రార్థన పుస్తకంలో లేవు. వీధి వీధంతా లేచింది.

సాయంత్రానికి రేంజరు వచ్చాడు. మునిసిపాలిటీ తరఫున ఇలాంటి ఫిర్యాదులు చూసే మనిషి. మళ్ళీ డప్పు మోగితే జరిమానా నోటీసు రాస్తానని మర్యాదగానే చెప్పి వెళ్ళాడు. నోటీసంటే పోలీసు, పోలీసంటే వీసా గల్లంతు అని మావాళ్ళ లెక్క. అందరికీ ఒక్కసారిగా పరీక్షలు గుర్తొచ్చాయి.

"ఇది మనూరు కాదు అమృతం. ఇంట్లో పాడుకుందాం," అన్నాడు అంకుల్.

"మనూరు కాకపోతే ఈళ్ళ అమ్మలకీ నాన్నలకీ రోజూ స్నానాలు ఎవరు చేయిత్తన్నారండీ? దానికి నేను కావాలి, నా పాట అక్కర్లేదా? ఈ ఏడు మానేత్తే మరింక ఈ ఊళ్ళో కేరల్స్ ఉండవు. ఎవరూ రాకపోతే ఒక్కదాన్నే పాడతాను."

పడుకున్నవాణ్ణి లేపడం మాత్రం తప్పేనని ఒప్పుకుంది. ఏతాన్ ఇంటికి ఓ గిన్నెడు కోడికూర పంపింది. తర్వాతి శనివారం పొద్దువాలే వేళకు గని బస్సులు ఆగే చోటికి వెళ్ళింది. పగటి షిఫ్టు దిగుతుంది, రాత్రి షిఫ్టు ఎక్కుతుంది. ఊరంతా మేలుకుని ఒక్కచోట కనిపించేది అప్పుడే. ఇంటింటికీ తిరగక్కర్లేదు, ఇళ్ళే నడిచొస్తాయి అంది.

అంకుల్, మిగతావాళ్ళు కార్లలో అద్దాలు ఎత్తుకుని కూర్చున్నారు. ఆవిడ పక్కన డప్పు పట్టుకుని నిలబడింది నేనొక్కణ్ణే. ధైర్యం నాకు పుట్టుకతో వచ్చింది. పైగా చదువు మానేశాక వీసా అప్పటికే నా చేతిలోంచి జారిపోతోంది. రెండో చరణంలో ఉండగా రేంజరు వచ్చి, అనుమతి ఉందా అని అడిగాడు. ఆంటీ తన ఇంగ్లీషులో అన్న మాటకు తెలుగు ఇది:

"నిద్రపోయేవాణ్ణి లేపాను, క్షమించమన్నాను. మెలకువగా ఉన్నవాడి ముందు పాడడానికి ఎవర్ని అడగాలి బాబూ?"

వరసలో భోజనం డబ్బా పట్టుకుని నిలబడ్డ ఏతాన్, కావాలంటే పేరు రాసుకో గానీ పాట ఆపకు, బస్సు ఇంకా రాలేదు అన్నాడు. రేంజరు నోటీసు పుస్తకం తీశాడు. ఆంటీ ఒక్కో అక్షరం విడదీసి పేరు చెప్పింది.

"అడ్రసు కూడా రాసుకో. వచ్చే డిసెంబరుకీ నేను అక్కడే ఉంటాను."

కారు తలుపు తెరుచుకుంది. అంకుల్ దిగి వచ్చి తన పేరు కూడా రాసుకోమన్నాడు. ఆయన వెనక స్టూడెంట్లు ఒక్కొక్కరే వచ్చి వరసలో నిలబడ్డారు. రేంజరు ఆ వరసనీ, బస్సు వరసనీ మార్చి మార్చి చూశాడు. నా పేరు మాత్రం పెద్ద అక్షరాల్లో రాయించాను. ఆంటీ మూడో చరణం ఎత్తుకుంది.