హేమ్లి అడిగిన కొక్కెం

ఆడది బరువు ఎత్తలేదని ఎవరైనా అంటే నాకు ముందు నవ్వొస్తుంది, ఆ తర్వాత ఒళ్లు మండుతుంది. పినపాక చుట్టుపక్కల ఏ తండాకైనా, ఏ కోయగూడేనికైనా పోయి చూడండి. నీళ్ల బిందె ఆడదాని నెత్తి మీద, కట్టెల మోపు ఆడదాని నెత్తి మీద, చేనుకు పోయే పెంటగంప ఆడదాని నెత్తి మీద. అదంతా బరువు కిందికి రాదట. వడ్లు బస్తాకెక్కి లారీ ముందుకు వచ్చాక మాత్రం అది బరువట, అది మగవాళ్ల పనట, దానికో ముఠా, ముఠాకో మేస్త్రీ. ఈ మాట ఇప్పుడు హేమ్లి ముందు అనాలంటే అటూ ఇటూ చూసి అంటున్నారు. ఎందుకో చెప్తాను.

మణుగూరు బస్టాండు వెనక మా ఆయన వజీర్‌కు వెల్డింగ్ షెడ్డు ఉంది. దాని పక్క గదిలో నేను బట్టలు కుడతాను. షెడ్డుకు వచ్చిన వాళ్లతో మాట్లాడే పని కూడా నాదే, మా ఆయనకు ఇనుముతో తప్ప మనుషులతో మాట్లాడటం రాదు. రెండేళ్ల కింద ఒక మధ్యాహ్నం పినపాక బస్సు దిగి ఒకామె తిన్నగా షెడ్డులోకి వచ్చింది. వడ్లు ఎత్తే మిషన్ చేసివ్వాలంది. కుప్ప దగ్గర పారతో పోస్తుంటే వడ్లు పైకి పోయి ట్రాలీలో పడాలి, నింపిన బస్తా పెడితే అది కూడా పైకి పోయి లారీలో దిగాలి. ఎట్లా ఉండాలో గాలిలో చేత్తో ఏటవాలుగా గీసి చూపించింది.

నడిపేదెవరని మా ఆయన అడిగాడు. నేనేనంది. మరి మీ ఇంటాయనో అన్నాడు. "కూసుంటడు" అని ఊరుకుంది. ఆ ఒక్క మాట వెనక ఉన్నదంతా రాబట్టడానికి నేను రెండుసార్లు టీ పెట్టాల్సి వచ్చింది.

ఆమె పేరు హేమ్లి. భర్త దేవ్లా, వడ్ల కొనుగోలు కేంద్రం దగ్గర హమాలీ ముఠాలో మనిషి. ఒక పొద్దున మంచుకు తడిసిన బల్ల మీద బస్తాతో లారీ ఎక్కుతూ జారి పడ్డాడు. వాళ్ల కూతురు సంగీత భద్రాచలం దవాఖానాలో నర్సు కాబట్టి ప్రాణం దక్కింది కానీ నడుము దక్కలేదు. కర్ర పట్టుకుని నడుస్తాడు, కూర్చుంటాడు, వంగలేడు. ముఠా వాళ్లు కొన్నాళ్లు వచ్చి పలకరించారు. తర్వాత తండాలో ఎదురుపడితే పక్కకు చూడటం మొదలుపెట్టారు.

ఆ ముఠాలో ఒక పద్ధతి ఉంది. బస్తాకు గుచ్చి లాగడానికి ఒక్కో మనిషికి ఒక్కో ఇనుప కొక్కెం ఉంటుంది. మనిషి పనికి రాకుండా పడిపోతే అతని కొక్కెం మేస్త్రీ ఇంటి గోడకు ఎక్కుతుంది. ఆ ఇంటి నుంచి కొడుకో తమ్ముడో ముందుకొచ్చి తమ సొంత వడ్ల బియ్యం వండి ముఠాకు బువ్వ పెట్టాలి. ముఠా తింటే ఒప్పుకున్నట్టు, మేస్త్రీ కొక్కెం తెచ్చి చేతిలో పెడతాడు. తినకుండా లేస్తే కాదన్నట్టు. దేవ్లాకు కొడుకు లేడు, తమ్ముడు లేడు. మేస్త్రీ లచ్చిరాం దేవ్లాకు పెదనాన్న కొడుకే, కానీ ఆ చోటు తన బామ్మర్దికి ఇద్దామని అతని మనసులో ఉంది.

హేమ్లి పోయి కొక్కెం తనకిమ్మని అడిగింది. ముఠా అంతా నవ్వింది. బస్తా లేపుతవా అని లచ్చిరాం అడిగాడట.

"లేప. లేపేదాన్ని తెస్త" అని చెప్పి వచ్చింది. అలా చెప్పి, మేకలు అమ్మి, మా షెడ్డుకు వచ్చింది.

నాకు ఆమె అప్పుడే నచ్చింది. మా ఆయన ఇంకా ఏదో గొణుగుతుంటే, చేస్తావా చేయవా ఒక్క మాట చెప్పు అన్నాను. చేస్తానన్నాడు.

చేశాడు కూడా. పాత నీళ్ల ఇంజిన్ ఒకటి, రెండు చక్రాలు, ఏటవాలుగా నిలబడే ఇనుప చట్రం, కింద వడ్లు పోసుకునే రేకు తొట్టి, తొట్టిలోంచి పైకి పాకే బెల్టు. వడ్లు జారిపోకుండా బెల్టు మీద అడ్డంగా పట్టీలు. ఆ బెల్టు స్క్రాప్ దుకాణంలో దొరికింది. ఒకప్పుడు బొగ్గు మోసిన బెల్టు, ఇంకో ఇరవై ఏళ్లు చెక్కుచెదరదని మా ఆయన మురిసిపోయాడు. రెండుసార్లు కడిగి బిగించాడు. కంకర పోసి చూస్తే చకచకా పైకి పోయింది. హేమ్లి అన్నీ నేర్చుకుంది. ఇంజిన్ ఎలా తిప్పాలి, బెల్టు పక్కకు పోతే ఎక్కడ బిగించాలి, చీర కొంగు ఎలా చెక్కుకుంటే బెల్టులో పడదు, అన్నీ.

యాసంగి వడ్లు కల్లానికి వచ్చాయి. ముందుగా ఒప్పుకున్న రైతు పోతయ్య, పక్క గూడెం కోయాయన. కుప్పను వాన పడేలోపు తరలించాలని తొందరలో ఉన్నాడు, ముఠా వంతు వచ్చేదాకా ఆగలేకపోయాడు. మేమిద్దరం కూడా పోయాం. హేమ్లి ఇంజిన్ తిప్పింది. పోతయ్య కొడుకులు పారలతో తొట్టిలో పోస్తుంటే వడ్లు బెల్టెక్కి పైకి పోయి ట్రాలీలో కురిశాయి. కల్లంలో ఉన్నవాళ్లంతా పని ఆపి చూశారు. ముఠా వాళ్లు కూడా బస్తాల మీద కూర్చుని చూశారు. హేమ్లి ఎవరి వంకా చూడలేదు, బెల్టునే చూస్తూ నిలబడింది. నాకు గర్వంగా ఉంది, దాచుకోవడం ఎందుకు.

ట్రాలీ కాంటా దగ్గరకు పోయింది. కేంద్రంలో పనిచేసే అమ్మాయి తేమ చూద్దామని గుప్పెడు వడ్లు తీసి, తన అరచేయి చూసుకుంది. మసి. ఇంకో గుప్పెడు తీసింది, రెండో చెయ్యి కూడా నల్లబడింది. బెల్టు నెర్రెల్లో ఇరుక్కున్న బొగ్గంతా కదిలి వడ్లకు పట్టింది.

షెడ్డులో ఇన్ని రోజులు ఆ మసి ఎవరికీ కనపడలేదా అని మీరు అడగొచ్చు. బొగ్గు గనుల ఊరు మణుగూరులో ఎలా కనపడుతుంది? అక్కడ తీగ మీద ఆరేసిన బట్ట నల్లగా ఉంటుంది, కిటికీ ఊచ నల్లగా ఉంటుంది, తుడుచుకున్న ముఖం మళ్లీ నల్లగా ఉంటుంది. చెయ్యి నల్లబడితే కడుక్కుంటాం తప్ప ఎందుకు నల్లబడిందని అడిగే అలవాటు మా ఊళ్లో లేదు.

కల్లమంతా ఒకటే నవ్వు. బొగ్గు వడ్లు, బొగ్గు వడ్లు అని పాట కట్టారు. పోతయ్య మాత్రం నవ్వలేదు, కుప్ప పక్కన కూలబడ్డాడు. రంగు మారిన వడ్లు కాంటా ఎక్కవు మరి. లచ్చిరాం కూడా నవ్వలేదు. లేచి వచ్చి, ఇప్పుడైనా ఆ మిషన్‌ను మణుగూరుకు తోలెయ్యమన్నాడు. ఆడమనిషి చేతి పని ఇలాగే ఉంటుందన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. ఆ ఇనుము కల్లంలో తిరిగితే తమ పిల్లల నోట్లో మట్టేనని కూడా అన్నాడు. ఆ భయం ఉత్తది కాదు, దాన్ని నేను తీసిపారెయ్యను. కానీ హేమ్లి దగ్గర దానికి జవాబుంది.

"ఇయ్యాల గాకుంటె రేపు ఎవడో బయటోడు తెస్తడు బావా. వాడు మీకు జీతమిస్తడా? నేను తెచ్చింది ముఠాల కలుపుకొమ్మనే గద అడుగుతున్న. తొట్టిల పోసెటందుకు, బస్తా కుట్టెటందుకు, లారీల పేర్చెటందుకు మనుషులు గావాలె. నడుములు ఇరగొద్దు, గంతే."

హేమ్లి పోతయ్య దగ్గరకు పోయింది. కల్లంలో ఇంకో మూలకు తన సొంత కుప్ప ఉంది, కౌలు చేనులో పండిన వడ్లు, ఆ ఏటి తిండి అదే. చెడిన వడ్లకు బదులు దాంట్లోంచి కాంటా పెట్టి తీసుకోమంది. నల్ల వడ్లు తనవంది. పోతయ్య మొహమాటపడితే ఆమెకు కోపమొచ్చింది. "నాకేం పుణ్యానికి ఇయ్యకు, తీసుకో" అంది. సాయంత్రానికి ఆమె కుప్ప పోతయ్యదైంది, నల్ల కుప్ప ఆమె ఇంటికి చేరింది.

ఆ రాత్రి ఇంటికొచ్చి మా ఆయనను ఏమన్నానో రాయను. మనిషి మంచివాడు. తప్పు తనదే కాబట్టి కొత్త బెల్టు తనే తెచ్చి బిగించాడు. తొట్టి, రోలర్లు, చట్రం, అన్నిటినీ నేనూ హేమ్లీ కూర్చుని సోడా వేసి రుద్దాం. కడిగిన కొద్దీ నల్ల నీళ్లు కారుతూనే ఉన్నాయి. అంతా అయ్యాక నా తెల్ల చున్నీ ఆ కొత్త బెల్టుకు చుట్టి, ఇంజిన్ తిప్పి, కింది నుంచి పైదాకా పంపించాను. తెల్లగా వచ్చేదాకా మిషన్‌ను షెడ్డు దాటనివ్వలేదు. నాలుగోసారికి తెల్లగా వచ్చింది.

ఇక రైతులెవరైనా నమ్ముతారా లేదా అని నేను బెంగపడుతుంటే హేమ్లి బెంగ వేరేగా ఉంది. పని దొరకడం కాదు ఆమెకు కావలసింది. మిషన్ పెట్టుకుని ముఠాకు అవతల నిలబడితే జీవితమంతా తన తండా వాళ్లతోనే కొట్లాట. దేవ్లా చోటు దేవ్లా ఇంటికే రావాలి, ఆ కొక్కెం తన చేతికే రావాలి. ఆ నల్ల వడ్లను గిర్నీకి వేసుకుపోయింది. గిర్నీ ఆయన సణిగాడు కానీ ఆడించి ఇచ్చాడు. తర్వాత ఇల్లిల్లూ తిరిగి, లారీలు రాని రోజు చూసి, దేవ్లా ఇంట్లో ముఠాకు బువ్వ అని చెప్పి వచ్చింది.

ముఠా ఇరుకున పడింది. పిలిస్తే రాకపోవడమంటే వాళ్లలో తెగతెంపులు చేసుకున్నట్టే, దేవ్లా ఏం పాపం చేశాడు? వచ్చి తింటే హేమ్లిని ఒప్పుకున్నట్టే. చివరికి పోయి కూర్చుందాం, ముట్టకుండా లేద్దాం అని లచ్చిరాం తేల్చాడు. ఈ సంగతి హేమ్లికి ముందే తెలుసు. అయినా వంట తగ్గించలేదు.

వాకిట్లో నీడకు టార్పాలిన్ పట్టా కట్టి కింద ముఠాను వరసగా కూర్చోబెట్టింది. వరస చివర లచ్చిరాం తల్లి బాలి కూడా కూర్చుంది, పిలవకుండానే వచ్చింది ముసలామె. మాంసం కూర, పచ్చిపులుసు. హలాల్ కాని మాంసం ముట్టమని తెలిసి మా ఇద్దరి కోసం వేరే గిన్నెలో పప్పు చేసి ఉంచింది. విస్తళ్లలో అన్నం వడ్డిస్తుంటే అందరూ తొంగి చూశారు. మల్లెపూలంత తెల్లగా ఉంది. బియ్యం లోపల నల్లబడవని వాళ్లకు తెలియదా? వడ్లలోనే పుట్టి పెరిగినవాళ్లు. నవ్వేటప్పుడు ఎవరికీ అది గుర్తురాలేదు, అంతే.

లచ్చిరాం అడిగాడు, "ఏ వడ్లు ఇవి?"

"మీరు నవ్విన వడ్లే" అంది హేమ్లి. "పొట్టుకంటింది బొగ్గు. బియ్యానికి అంటలే."

ఎవరూ చెయ్యి పెట్టలేదు. ఈగలు తోలుకుంటూ కూర్చున్నారు. మంచం మీదున్న దేవ్లా కర్ర పట్టుకుని మెల్లగా లేచాడు. అప్పటిదాకా అతని గొంతు నేను సరిగ్గా వినలేదు.

"మీ అందరితోని కలిసి మోసిన. నా ఇంటి బువ్వ ముంగట చేతులు ముడుసుకొని కూసుంటరా?"

తలలు వంగాయి కానీ చేతులు కదలలేదు. నాకు ఏడుపొచ్చింది, కోపంతో వచ్చే ఏడుపు. లేచి నాలుగు మాటలు అడిగేద్దామనుకున్నాను, మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నాడు. అప్పుడు బాలి అన్నంలో పచ్చిపులుసు పోసుకుని కలపడం మొదలుపెట్టింది. లచ్చిరాం అమ్మా అని ఆపబోయాడు. ఆమె ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, అప్పుడు మాట్లాడింది. మెడ తిరగదు కాబట్టి మనిషంతా కొడుకు వైపు తిరిగింది.

"నా మెడ గిట్లెందుకైందిరా? పెంటగంపలు మోసి మోసి అయింది. నాకు ఏ మేస్త్రీ కొక్కెమియ్యలే. హేమ్లినన్న ఎత్తనియ్యి."

మళ్లీ తినసాగింది. వరసలో పెద్దవాళ్లు తింటుండగా చిన్నవాళ్లు లేచిపోవడం వాళ్లలో లేదు. ముందు ఒకాయన చెయ్యి పెట్టాడు, తర్వాత పక్కాయన. లచ్చిరాం అందరికంటే ఆఖర్న కలిపాడు. కలిపాక మాత్రం బాగానే తిన్నాడు, పాపం ఆకలి మీదున్నట్టున్నాడు.

హేమ్లి అన్నం గిన్నెతో మారు వడ్డించడానికి వచ్చింది. లచ్చిరాం ముందు ఆగింది, వడ్డించలేదు. కొక్కెం ఏదని అడిగింది. ఇంట్లో ఉంది, రేపు ఇస్తానన్నాడు.

"రేపు లారీలు వస్తున్నయ్ బావా. ఇయ్యాలనే తెచ్చియ్యి. అన్నం యాడికి పోదు."

అతను తల్లి వైపు చూశాడు. తల్లి మాంసపు బొక్క చీకుతోంది. ముఠా వైపు చూశాడు. వాళ్లు విస్తళ్ల వైపు చూస్తున్నారు. ఎంగిలి చెయ్యి అలాగే పట్టుకుని లేచి, వాకిలి దాటి, మూడో ఇంట్లో ఉన్న తన గోడ దగ్గరకు పోయి, ఎడమ చేత్తో కొక్కెం పట్టుకొచ్చాడు. హేమ్లి దాన్ని ఎండలోకి తిప్పి చూసింది. తుప్పు పట్టి ఉంది.

"నూనె గూడ పెట్టలే" అంది. "మా ఆయన రోజు పెట్టెటోడు."

కొక్కేన్ని కొంగుతో తుడిచి నడుముకు చెక్కుకుంది. లచ్చిరాం మళ్లీ తన చోట కూర్చున్నాడు. ఆమె గరిటె నిండా అన్నం తీసి అతని విస్తట్లో వేసింది, ఇంకో గరిటె వేసింది.

"కడుపు నిండ తిను బావా. రేపు తొట్టిల పారతోటి పోసేది నువ్వే."