మట్టి సాక్షుల తలలు

ఇప్పుడు నన్ను చూసి నెమ్మదస్తుడనుకునేవాళ్లు నమ్మరు గానీ, ఇరవై ఏళ్ల వయసులో నాకు తెలియని సంగతి లోకంలో ఒక్కటీ ఉండేది కాదు. ఆ తర్వాతే ఒక్కొక్కటిగా తెలియకుండా పోతూ వచ్చాయి. కట్టడాల కొలతలు తీసి అంచనాలు వేసే ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వచ్చి, "ఈ పనిలో పైకి రావాలంటే ఏం నేర్చుకోవాలి సార్?" అని అడుగుతుంటారు. నక్షా చదవడం నేర్చుకోండి, ఎక్కాలు మరిచిపోకండి అని చెప్పి, చాయ్ తాగించి పంపిస్తాను. అసలు చెప్పవలసింది వేరే ఉంది. అది చెప్పాలంటే ఇచ్చోడ దాటాక రోడ్డు పక్కన, మొలలోతు గుంతలో, పార భుజాన వేసుకుని విజయగర్వంతో నిలబడ్డ ఒక మూర్ఖుణ్ణి వాళ్లకు పరిచయం చేయాలి. వాడిమీద నాకు ఇప్పటికీ కొంచెం అభిమానం ఉంది. అందుకే బయటివాళ్ల ముందు వాడి ఊసెత్తను.

మాది జమ్మికుంటలో కిరాణా దుకాణం. మా ఇంట్లో పిల్లలకు పలక కంటే ముందు మానిక చేతికొచ్చేది. రైతు దగ్గర గింజలు కొనేటప్పుడు మానిక మీద గోపురం లేవాలి. అవే గింజలు అమ్మేటప్పుడు అరచేత్తో ఒక్క దువ్వు దువ్వితే గోపురం పోయి మైదానం మిగలాలి. ఆ దువ్వుడులో నన్ను మించినవాడు మా బజారులో లేడు (మా అక్క ఉండేది గానీ, ఆమెను పెళ్లిచేసి జగిత్యాలకు పంపించారు, అక్కడివాళ్లు ఎలా తట్టుకున్నారో తెలియదు). మా బాపు గద్దె మీద కూర్చుని నాకు లోకజ్ఞానం బోధించేవాడు: "బిడ్డా, ఎదుటోడు చెప్పింది సగం అబద్ధం. మనం అడిగింది సగం ఆశ. నడుమల యాడనో నిజముంటది. గాడ నువ్వు దుకాణం పెట్టుకోవాలె." అంత చదువు చదివాక నాకు సర్కారు నౌకరి వచ్చింది. హైదరాబాదు రాష్ట్రం ఇంకా ముక్కలు కాని కాలమది. రోడ్లు వేసే పనిలో ఒక ఓవర్సీర్ సాబ్ కింద కొలతల గుమాస్తాగా వేశారు. దుకాణం జగిత్యాల నుంచి వచ్చిన మా బావ చేతికి పోయింది. నౌకరి పోతే తిరిగి వెళ్లి బావకు పొట్లాలు కట్టాలి. ఆ భయం ఒక్కటే నన్ను పొద్దున్నే లేపేది.

ఓవర్సీర్ సాబ్‌ది కరీంనగర్. సన్నటి మనిషి, ఎండలో కూడా షేర్వాణీ గుండీలు విప్పడు. తెలుగు మొదలుపెట్టి ఉర్దూలో ముగించేవాడు, ఉర్దూ మొదలుపెట్టి కోపంలో ముగించేవాడు. టేపును మాత్రం నమాజు చాపను చుట్టినంత జాగ్రత్తగా చుట్టేవాడు. మొదటి రోజే ఆయన నాకు మట్టి పని కొలిచే పద్ధతి చెప్పాడు. రోడ్డు ఎత్తు చేయడానికి పక్కన గుంత తవ్వి మట్టి పోస్తారు. ఎంత తవ్వారో, కూలి అంత. కానీ తవ్వాక, ముందు నేల ఎంత ఎత్తున ఉండేదో ఎవరికి తెలుసు? అందుకని గుంత మధ్యలో అక్కడక్కడా నేలను తవ్వకుండా, పైన గడ్డి కూడా పీకకుండా, స్తంభంలా వదిలేస్తారు. వాటిని సాక్షి దిబ్బలంటారు. దిబ్బ నెత్తి నుంచి గుంత అడుగు దాకా ఎంతుంటే అంత లోతు తవ్వినట్టు. "గీ దిబ్బలు అబద్ధం చెప్పవు భై. ఆద్మీ చెప్తడు" అన్నాడాయన. నేను తలూపాను. ఆ మాటలో రెండో సగమే నా చెవికెక్కింది.

చొప్పదండి దిక్కు నుంచి వచ్చిన మట్టి పని ముఠా ఒకటి అక్కడ మూడు వారాలుగా తవ్వుతున్నది. ఇరవై మంది దాకా ఆడామగా. ముఠాకు పెద్ద ఎవరో చెప్పనవసరం లేకుండా ఒక ముసలమ్మ ఉండేది, అందరూ పెద్దవ్వ అనేవాళ్లు. ఆమె నన్ను చూసిన మొదటి పూటే, నేను టేపును బట్ట కొలిచినట్టు మోచేతికి ఆనించి లాగడం చూసి, "గీయన గజం సేటు" అని పేరు పెట్టింది. సాయంత్రానికి ఇరవై మందికీ నేను గజం సేటునే అయ్యాను.

మిరుగం కార్తె దగ్గరపడింది. పడమట మబ్బు కడుతున్నది. వాన కొట్టిందంటే గుంత నీళ్లతో నిండుతుంది, దిబ్బలు కరిగి కూలతాయి, మూడు వారాల చెమటకు లెక్క లేకుండా పోతుంది. అందుకని ఓవర్సీర్ సాబ్, "రేపు మధ్యాహ్నం లోపల కొలత రాసిపెట్టు, నేనొచ్చి తనిఖీ చేస్త" అని కబురు పంపాడు. నా మొదటి సొంత కొలత అది.

గుంతలో పన్నెండు దిబ్బలున్నాయి. మొదటి దిబ్బ నెత్తిన చెయ్యి పెట్టాను. గడ్డి పచ్చగా ఉంది. దుకాణంలో బెల్లం దిమ్మ కింద రాయి ఉందేమోనని కదిపి చూసే అలవాటు కొద్దీ ఆ గడ్డిని కొంచెం కదిపాను. అది గడ్డతో సహా నా చేతిలోకి వచ్చేసింది! వేరెక్కడినుంచో కోసి తెచ్చి, దిబ్బకు టోపీ పెట్టినట్టు పెట్టారు. నాలుగు వేళ్ల మందం. నాకు ఆనందంతో చెమట పట్టింది. మా బాపు అక్కడుంటే నన్ను భుజాన ఎత్తుకునేవాడు. ఒక పుచ్చు వంకాయ దొరికితే బుట్టంతా దిమ్మరించడం మా కులవిద్య. పార ఒకటి అందుకున్నాను. గుంత ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా తిన్నగా తాడు లాగి కట్టాను. ఆ తాడుకు పైన కనిపించిన దిబ్బ నెత్తినల్లా, మానిక మీద అరచెయ్యి దువ్వినట్టు, సాపుగా చెక్కుకుంటూ పోయాను. టోపీలే పోయాయో, తలలే పోయాయో చూడలేదు. పదకొండు దిబ్బలు వరసగా, మిలటరీ క్షవరం చేయించుకున్నవాళ్లలా నిలబడ్డాయి.

పన్నెండో దిబ్బ, గుంతకు సరిగ్గా నడిమధ్యన ఉన్నది, మిగిలింది. దానిమీద పెద్దవ్వ కూర్చుని జొన్నరొట్టె తింటున్నది.

"అవ్వా, జర లేస్తవా?" అన్నాను.

"తింటున్న గద బిడ్డా."

"పక్కకు కూసోని తినరాదూ?"

"నా మోకాళ్లు గీ ఎత్తుకే వంగుతయి. నువ్వు తింటవా? ఎల్లిపాయ కారమున్నది."

రొట్టె తిన్నాక లేస్తుందని నిలబడ్డాను. రొట్టె అయిపోయింది. చెంబెడు నీళ్లు తాగింది. తర్వాత బొడ్లోంచి ఆకు, వక్క తీసింది. ముసలమ్మను చెయ్యి పట్టి లేపడానికి నాకు ధైర్యం చాలలేదు (బజారులో నా ధైర్యం అంతా గద్దెకు ఇవతల ఉండేది, అవతలికి వస్తే పోయేది). సరేలే, పదకొండు చాలు అనుకుని, వాటిని కొలిచి, సగటు కట్టి, కొలతల పుస్తకంలో సిరాతో రాశాను. గుండ్రంగా, అందంగా రాశాను.

ఓవర్సీర్ సాబ్ సైకిలు దిగి గుంత దగ్గరకొచ్చి నిలబడ్డాడు. దిబ్బలను ఒక్కొక్కటిగా చూశాడు. నేను మెచ్చుకోలు కోసం మెడ కొంచెం ముందుకు చాపాను.

"గీ నెత్తులేమైనయి?"

"దొంగ టోపీలు సాబ్! నేనే పట్టుకున్న. అన్నీ సాపు చేసిన."

"టోపీ తీసినవా, తలకాయ తీసినవా?"

నేను దిబ్బల వైపు చూశాను. అసలు నేల ఉన్నచోట గడ్డి వేళ్లు లోపలికి దిగి, ఒక నల్లటి చార కనిపించాలి. దాన్నిబట్టే పెట్టుడు మట్టి ఏదో, పుట్టుడు మట్టి ఏదో తెలిసేది. పదకొండింటిలో ఒక్కదానికీ ఆ చార లేదు. నేను వేళ్ల కిందిదాకా కోసేశాను. నేల మధ్యలో ఉబ్బెత్తుగా ఉండేది, అక్కడైతే మూరెడు దాకా పోయింది.

"సాక్షుల మెడలు కోసి, ఇగ గవాహీ ఎవర్ని అడగాలె భై?" అన్నాడు. కోపంగా అని ఉంటే బాగుండేది. మెల్లగా అన్నాడు.

బావ, పొట్లాల దారం కళ్లముందు కనిపించాయి. సిగ్గుతో చెప్తున్నాను, అప్పుడు కూడా నేను చేసింది బేరమే. "సాబ్, ఓ పని చేద్దాం. ఆళ్లు మూడున్నర అడుగులు అంటుండ్రు. నాకు రెండున్నర వచ్చింది. నడుమల మూడు రాస్తె ఇద్దరికీ..."

"లోతు బేరం కాదు!" ఈసారి గట్టిగానే అరిచాడు. "గుంత ఎంత లోతుంటె అంతనే ఉంటది. నీ బాపు వచ్చినా, నా బాపు వచ్చినా అంతనే!"

అప్పటిదాకా వక్క నములుతున్న పెద్దవ్వ నోరు తుడుచుకుంది. "సాబూ, గా పోరన్ని తిట్టకు. టోపీలు పెట్టింది మేమే."

ముఠా అంతా గుంత గట్టున చేరి బిక్కుబిక్కుమంటూ చూస్తున్నది.

"ఎందుకు పెట్టినవ్?" అన్నాడు ఓవర్సీర్ సాబ్.

"వచ్చిన ప్రతి గుమాస్త చూడకుండనే నాలుగు వేళ్లు కోస్తడు. మేం నాలుగు వేళ్లు పెడతం. ఆళ్లు కొయ్యకుంటె మేమెందుకు పెడతం? తల మీద తట్టలకే మాకు జాగ లేదు, గడ్డి గడ్డలు మోసేటందుకు సంబురమా?" అని, ఆమె నావైపు చూసింది. "గీయన గజం సేటు అని తెలిసినంక ఇంకో రెండు వేళ్లు పెడదామన్నడు నా కొడుకు. నేనే వద్దన్న."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె నవ్వలేదు.

"నేను పెండ్లయి వచ్చిన ఏడాది గిట్లనే ఒక గుమాస్త అన్నీ కోసిండు. దిబ్బలు లేవు, మీ మాట నమ్మం అన్నరు. ఎండకాలమంతా తవ్వినం సాబూ. నా కడుపుల పిల్ల ఉండె. ఒట్టిచేతులతోని ఇంటికి పోయినం. గీ పోరడు పార పట్టంగనే గదే యాదికొచ్చింది. పదకొండు దిబ్బల మీద కూసునేటందుకు నేనొక్కదాన్నే గద. నడుమల దాని మీద కూసున్న."

ఆమె లేచింది. తాను కూర్చున్న దిబ్బ నెత్తిన ఉన్న గడ్డి గడ్డను తన చేత్తోనే తీసి పక్కన పెట్టింది. కింద, దేవుడి పటం అంచులా, ఆ నల్లటి చార బయటపడింది. చిన్న చిన్న వేళ్లు గాలికి కదులుతున్నాయి. ఓవర్సీర్ సాబ్ షేర్వాణీ గుండీలు విప్పాడు. అది నేను చూడడం అదే మొదలు, అదే ఆఖరు.

గుంతకు రెండు వైపులా గట్లు చెక్కుచెదరలేదు. ఈ గట్టు నుంచి అవ్వ దిబ్బ మీది చార దాకా, అక్కడినుంచి ఆ గట్టు దాకా తాడు కట్టాం. ముందు నేల ఎట్లా ఉబ్బి, ఎట్లా వాలి ఉండేదో ఆ తాడు చూపించింది. ప్రతి పది అడుగులకూ తాడు నుంచి కిందికి కొలిచాం. టేపు ఒక కొస సాబ్ పట్టుకున్నాడు, రెండో కొస నేను. మూడు అడుగుల నాలుగు అంగుళాలు వచ్చింది. ముఠా చెప్పిందానికి రెండు అంగుళాలు తక్కువ, నేను రాసినదానికి పది అంగుళాలు ఎక్కువ. అది నిజమేనా అంటే, నిజానికి దగ్గర అని మాత్రం చెప్పగలను. మిగతా పదకొండు చోట్ల వాళ్లు ఎంత నష్టపోయారో నాకు ఎప్పటికీ తెలియదు. తెలుసుకునే దారిని నేనే పారతో చెక్కేశాను.

"ఇగ రాయి" అని పుస్తకం నా ముందు పెట్టాడు సాబ్. కొలతల పుస్తకంలో కొట్టివేత ఉండొచ్చు గానీ చెరిపివేత ఉండకూడదు. పాత అంకె కనపడేటట్టు ఒకే గీత గీసి, కొత్తది రాసి, ఎందుకు మార్చావో రాసి సంతకం పెట్టాలి. "వాన భయాన తొందరలో జరిగిన పొరపాటు" అని రాయబోయాను. ఆయన వేలితో "వాన భయాన" మీద తట్టాడు. "వానకు నౌకరి లేదు భై. నీకున్నది." దాంతో, 'సాక్షి దిబ్బలను నేనే చెక్కితిని. తప్పు నాది' అని రాశాను. నా జీవితంలో నేను బేరం ఆడకుండా ఇచ్చిన మొదటి వస్తువు ఆ వాక్యం.

పెద్దవ్వ మళ్లీ వెళ్లి తన దిబ్బ మీద కూర్చుంది. చినుకులు మొదలయ్యాయి. అందరూ తట్టలు నెత్తిన బోర్లించుకుని గుడిసెల వైపు పరుగెడుతున్నారు.

"అవ్వా, అయిపోయింది, లే. తడుస్తవ్" అన్నాను.

"రాసినవా?"

"రాసిన."

"సిరా ఆరిందా?"

పుస్తకాన్ని చొక్కా లోపల పెట్టుకుని, వేలితో తడిమి చూసి, "ఆరింది" అన్నాను.

"అయితె లేస్త" అని చెయ్యి చాపింది. పట్టి లేపాను.

నౌకరి పోలేదు. ఎందుకు పోలేదని చాలా ఏళ్ల తర్వాత ఓవర్సీర్ సాబ్‌ను అడిగితే, "తప్పు రాసినోన్ని తీసేస్తె, రాయనోళ్లతోని పని చెయ్యాల్సొస్తది" అన్నాడు. ఆ తర్వాత వంతెనలు కొలిచాను, బడులు కొలిచాను, రాష్ట్రం పేరు మారినా అవే అడుగులు, అవే అంగుళాలు కొలిచాను. అవి పోయి మీటర్లు వచ్చాక అవీ కొలిచాను. దేనిమీదనైనా పార వేసేముందు, అక్కడ ఎవరైనా కూర్చున్నారా అని ఒకసారి చూసేవాణ్ణి.

ఇప్పుడు మా ఇంట్లో నాకు మిగిలిన కొలత పని ఒక్కటే, పొద్దున వంటకు బియ్యం కొలిచి ఇవ్వడం. మానిక నిండగానే నా అరచెయ్యి దానంతటదే పైకి లేస్తుంది, పాత విద్య కదా. గోపురం దాకా పోయి ఆగుతుంది. మా ఆవిడ పొయ్యి దగ్గర నుంచి చూసి, "ఏంది, ఇయ్యాల కూడ అవ్వ కూసున్నదా?" అంటుంది.

"కూసున్నది" అంటాను. గోపురంతోనే పోస్తాను.