ఎజ్రా మేష్టారి అయిదు నిమిషాలు

ఎజ్రా మేష్టారికి ప్రార్థన మొదలుపెట్టడం వచ్చు గాని ముగించడం రాదు.

ఆకివీడుకి రెండు కోసుల దూరంలో, కొల్లేటి గట్టున ఉన్న ఆ ఊళ్ళో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. మిషను బడిలో ముప్పయ్యేళ్ళు పాఠాలు చెప్పిన మనిషి. మామూలుగా ఏ విషయమైనా రెండు ముక్కల్లో తేల్చేసేవారు. కళ్ళు మూసుకుని "ప్రభువా" అన్నారా, ఇక అంతే. ఇంటి కప్పుతో మొదలుపెట్టి, గేదె, గేదె దూడ, పంటకాలవ, పెంటపాడులో తమ్ముడి మోకాళ్ళ నొప్పులు, ఏలూరులో కలెక్టరుగారు, దొరల సీమలో రాజుగారు, అందర్నీ పేరుపేరునా దీవిస్తే గాని "ఆమేన్" అనేవారు కారు.

పైగా ఒక నియమం. అందరూ కళ్ళు గట్టిగా మూసుకోవాలి. ఎవరైనా రెప్ప ఎత్తితే, "ఎవరో కళ్ళు తెరిచారు" అని మళ్ళీ ఇంటి కప్పు దగ్గర్నుంచి ఎత్తుకునేవారు. ఆయనకెలా తెలిసిపోతోందో ఎవరూ అడగలేదు. అంత భక్తిపరుడికి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?

ఒకసారి ఆకివీడు స్టేషనులో బండెక్కబోతూ, ప్రయాణం క్షేమంగా జరగాలని ప్లాట్‌ఫారం మీదే ప్రార్థన మొదలుపెట్టారు. ప్రార్థన ఫలించింది. బండి భీమవరం క్షేమంగానే చేరింది. మేష్టారే చేరలేదు.

పక్కింటి రైతు సూర్యనారాయణగారు హిందువే అయినా మర్యాదస్థుడు. ప్రార్థన మధ్యలో వస్తే గొడుగు మూసి, కళ్ళూ మూసి గుమ్మంలోనే నిలబడేవారు. "మా ఆవు ఈనిందని చెప్పిపోదామని వచ్చానండి మేష్టారూ. మీ ప్రార్థన అయ్యేసరికి దూడ మేతకెళ్ళిపోయిందండి" అనేవారు.

ఆ ఇంటికి తణుకు నుంచి కోడలై వచ్చింది పుష్పలత. వాళ్ళ నాన్న కాంపౌండరు. ఆయన భోజనం ముందు ప్రార్థన మందు మోతాదులా మూడు గుక్కల్లో అయిపోయేది. అత్తవారింట మొదటి రోజు విస్తట్లో పొగలు కక్కుతున్న కొర్రమీను పులుసు చూసి పిల్ల ప్రాణం లేచొచ్చింది. మామగారు కళ్ళు మూసుకున్నారు. రాజుగారి దగ్గరికి వచ్చేసరికి పులుసు మీద మీగడ కట్టింది.

"ఏవండీ, రోజూ ఇంతేనా?" అని భర్త విశ్వాసాన్ని అడిగింది.

"ఇవాళ నువ్వొచ్చావని తగ్గించారు" అన్నాడు విశ్వాసం.

అత్తగారు మాత్రం నలభై ఏళ్ళ అనుభవంతో మార్గం కనిపెట్టింది. కొత్తకోడలి మొదటి విందు తప్పిస్తే, ఆయన "ప్రభువా" అన్నాకే వంటింట్లో పొయ్యి వెలిగించేది. కలెక్టరుగారి దగ్గర ఎసరు మరిగేది, రాజుగారి దగ్గర అన్నం వార్చేది. ఒక్కనాడూ మెతుకు చిమడలేదు.

ఆ యేడు ఆశ్వయుజంలో ముసురు పట్టి కొల్లేరు పొంగింది. పొట్ట మీదున్న వరిచేలు వారం రోజులు నీళ్ళ కింద కుళ్ళాయి. కూలి లేదు, గింజ లేదు. మాలపల్లెలో చాలా ఇళ్ళల్లో కలువ దుంపలు ఉడకేసుకుని తిన్నారు. మేష్టారింట్లో కూడా ఒంటిపూట భోజనమే.

ఆ ఊరి క్రైస్తవ సంఘంలో ఆడవాళ్ళకొక అలవాటు. వంటకి బియ్యం కొలిచినప్పుడల్లా పిడికెడు తీసి వేరే కుండలో వేస్తారు. ఆదివారం ఆ పిడికెడు బియ్యం తెచ్చి గుడి గుమ్మం పక్కన గంపలో పోస్తారు. ఆ కరువులోనూ కలిగినవాళ్ళు మానలేదు. బియ్యం లేనివాళ్ళకి పంచాలని సంఘపెద్ద వరదానంగారు తీర్మానించారు. ఆయనది అంతా పద్ధతి ప్రకారం.

"అవసరమున్నవాళ్ళు లేచి నిలబడండమ్మా, పేరు రాసుకుని ఇస్తాం" అన్నారు.

ఎవరూ లేవలేదు. మూడు రోజులుగా పొయ్యి వెలిగించని దేవకుమారి కూడా, ఇద్దరు పిల్లల్ని ఒళ్ళోకి లాక్కుని, తల వంచుకు కూర్చుంది. భర్త పోయాక కూడా ఎవరి దగ్గరా చెయ్యి చాచని మనిషి.

"ఆ గంప సంగతి నాకొదిలెయ్యండి" అన్నారు ఎజ్రా మేష్టారు. మేష్టారి మాట కదా, వరదానంగారు సరేనన్నారు. ఎలా పంచుతున్నారో అడగలేదు.

ఆ తరవాత ఆదివారం నుంచి గుళ్ళో మేష్టారి ప్రార్థన తగ్గకపోగా ఇంకా పెరిగింది. కొత్తగా ఆకివీడు స్టేషను మాస్టరుగారూ, తాడేపల్లిగూడెం సంతలో బెల్లం అమ్మేవాళ్ళూ, కొల్లేటి పడవలవాళ్ళూ వచ్చి చేరారు. జనం మోకాళ్ళ మీద ముప్పావుగంట ఉన్నారు. పెంటపాడు తమ్ముడి నొప్పులు సంఘమంతటికీ పాకాయి.

వరదానంగారు ఇంటికొచ్చి నిష్ఠూరంగానే అన్నారు. "పస్తున్న జనమండి మేష్టారూ. అయిదు నిమిషాల్లో ముగించండి. కాకపోతే మరొకరి చేత చేయిస్తామండి."

"అలాగేనండి, చూస్తాను" అన్నారు మేష్టారు, ముఖం చిన్నబుచ్చుకుని.

"చూడ్డానికి గడియారం ఉండాలి గదండీ" అన్నారు వరదానంగారు.

"మా పుట్టింటివారిచ్చింది ఉందండి!" అనేసింది పుష్పలత తలుపు చాటు నుంచి. ఆకలి మీదున్న మనిషికి మర్యాద ఎక్కణ్ణుంచి వస్తుంది? అనేశాక నాలిక కరుచుకుంది గాని అప్పటికే పని ఆమె మెడకి చుట్టుకుంది. ఆదివారం గోడవార స్టూలు మీద కూర్చుని, గడియారం చూస్తూ, అయిదు నిమిషాలు కాగానే బడిగంట కొట్టాలి. పుష్పలత ఒక్కతే కళ్ళు తెరిచి ఉండొచ్చు.

ఆదివారం వచ్చింది. అంతా మోకరించి కళ్ళు మూసుకున్నారు.

"ప్రభువా, మా ఇంటి కప్పును కాపాడు" అన్నారు మేష్టారు. వెనక వరసలోంచి ఒక ముసలామె పిల్లిలా లేచి, గంపలోంచి దోసెడు బియ్యం కొంగులో పోసుకుని, తన చోటికొచ్చి కళ్ళు మూసుకుంది.

పుష్పలత గంట ఎత్తింది. గంట కొట్టి దొంగని పట్టుకుందామా అనుకుంది. ఇంతలో గేదె వచ్చింది. ఇంకొకామె లేచింది. పంటకాలవకి మరొకరు. గేదెకీ కాలవకీ మధ్య ఎవరూ ఎవరికీ తగల్లేదు. దీవెనకొక ఇల్లు చొప్పున ముందే చెప్పి ఉంచినట్టుంది.

ఆమె తిరిగి మామగారి వైపు చూసింది. ఎజ్రా మేష్టారి కుడికన్ను భక్తిగా మూసుకుని ఉంది. ఎడమకన్ను ఇంత పెద్దగా తెరుచుకుని గుమ్మం వైపే చూస్తోంది.

పెంటపాడు తమ్ముడి మోకాళ్ళు దాటేసరికి అయిదు నిమిషాలూ అయిపోయాయి. ఇంకా నలుగురైదుగురు మిగిలే ఉన్నారు. మేష్టారి గొంతు తడబడింది. ఆ ఎడమకన్ను ఆమె చేతిలో గంట మీదికొచ్చి ఆగింది. పుష్పలత గంట నాలుకని పిడికిట్లో బిగించి పట్టుకుంది.

మేష్టారి గొంతు పుంజుకుంది. స్టేషను మాస్టరుగారూ, బెల్లంవాళ్ళూ, పడవలవాళ్ళూ, కలెక్టరుగారూ వరసగా దీవెనలు అందుకున్నారు. చివరికి రాజుగారు వచ్చారు. దేవకుమారి లేచింది.

గంపలో చెయ్యి పెట్టి తల ఎత్తేసరికి ఎదురుగా పుష్పలత కళ్ళు. దేవకుమారి పిడికిలి వదులైంది. బియ్యం గింజలు జారుతున్నాయి.

పుష్పలత చటుక్కున కళ్ళు మూసుకుంది. చిన్నపిల్లల్లా ముఖమంతా ముడుచుకుని మరీ మూసుకుంది. ఇక గడియారం ఎలా కనిపిస్తుంది? గుమ్మం వైపునుంచి బియ్యం కొంగులో పడుతున్న చప్పుడు వినిపించాక ఆమెకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

"...తణుకు కాంపౌండరుగారి కుటుంబాన్ని కూడా దీవించు ప్రభువా" అని కొత్తగా ఒకటి కలిపి, "ఆమేన్" అన్నారు మేష్టారు.

అందరూ కళ్ళు తెరిచారు. వరదానంగారు లేవబోయి లేవలేక చాప మీదే చతికిలబడ్డారు.

"గంట మోగలేదేమమ్మా? ఎంతసేపైంది?"

"అయిదు నిమిషాలేనండి" అంది పుష్పలత.

ఎండ కిటికీ లోంచి అవతలి గోడ దాకా జరిగిపోయి ఉంది.

"అయిదేనండి" అంది వెనకనుంచి దేవకుమారి. ఆమె గొంతు గుళ్ళో వినిపించడం అదే మొదలు.

"అవునండి, అయిదే" అన్నారు ఇంకో నలుగురు ఆడవాళ్ళు.

వరదానంగారు కిటికీ చూశారు. గుమ్మం పక్కన ఖాళీ గంప చూశారు. వెనక వరసలో గట్టిగా చుట్టుకున్న కొంగులు చూశారు. విశ్వాసం వచ్చి ఆయన్ని రెక్క పట్టుకుని లేపాడు.

"అయిదు నిమిషాలకే కాళ్ళిలా పట్టేశాయంటే నాకు ముసలితనం వచ్చేసినట్టేనండి మేష్టారూ," అన్నారాయన. "వచ్చే ఆదివారం నా చాప కింద కాస్త గడ్డి వేయించండి."