సంత్రాగాఛి బాతులు

సంత్రాగాఛి చెరువుకు చలికాలంలో వలస పక్షులు వస్తాయి. అవి దిగిన నీళ్లలోనే పక్క ఇళ్లవాళ్ల పెంపుడు బాతులూ ఈదుతాయి. వాటికి జబ్బేమైనా అంటుకుందేమో పరీక్షించడానికి నమూనాలు తీసుకెళ్లడం నా పని. హైదరాబాద్ నుంచి వచ్చినవాణ్ణి, ఎవరినీ పలకరించకుండా ముందే మాస్కూ గ్లవ్సూ వేసుకుని మొదటి ఇంటి ముందు నిలబడ్డాను. అదే నా తప్పు.

ఒక పెద్దావిడ చీపురు పట్టుకుని బాతుల గూటికి అడ్డంగా నిలబడింది. "తలుపెయ్యే, పట్టుకుపోతారు!" అని లోపలికి కేకేసింది. బెంగాలీ మాటల మధ్య తెలుగు! గబుక్కున మాస్కు దించి, "అమ్మా, నేనూ తెలుగువాణ్ణే" అన్నాను.

"అయితే ఏటి?" చీపురు దిగలేదు. "మా ఆయనా తెలుగోడే. మున్సిపాలిటీలో పని. ఆ యేడు బాతులకి జబ్బొచ్చిందని అన్నిట్నీ సంచుల్లో కుక్కించినారు ఆ పనోళ్ల సేత. మాయి కూడా ఆయన సేతుల్తోనే కుక్కినాడు. రెండ్రోజులు అన్నం ముట్టనేదు."

సంచులేవీ తేలేదని నా పెట్టె తెరిచి చూపించాను: దూది పుల్లలూ సీసాలూ, అంతే. ఆవిడ అందులోకి తొంగి చూసింది. చీపురు పక్కన పడేసి, ఒక బాతును చంకలో ఇరికించుకుని, కొంగుతో దాని కళ్లు మూసింది.

"నానే పట్టుకుంటాను. పరాయి సేతులకి బెదురుద్ది. కానియ్యి."

దాని గొంతులో పుల్ల తిప్పి తీసి సీసాలో వేశాను.

"జబ్బుందని తేలితే, నువ్వే వొచ్చి పట్టుకెళ్తావా బాబూ?"

తల దించుకుని సీసా మీద నంబరు రాశాను.

రిపోర్టులో జబ్బు లేదని వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను. బాతులు బతికినందుకో, ఆవిడకు జవాబు చెప్పనక్కర్లేకపోయినందుకో, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.