ఆఖరి ఆట హాల్డెన్‌లో

ప్రిస్సిల్లా ఏం ఉద్యోగం చేస్తుందని ఎవరైనా అడిగితే వాళ్ల నాన్న దేవసహాయంగారు, "కాలేజీ పిల్లల ఆటలకు టైంటేబుల్ వేస్తుంది" అనేవారు. అందులో అబద్ధమేమీ లేదు. సముద్రాల అవతల అరోరాలో ఆమె పనిచేసే ఆఫీసు తొమ్మిది యూనివర్సిటీలు కలిసి పెట్టుకున్న కూటమిది. కాన్ఫరెన్స్ అంటారు. వాళ్లలో వాళ్లు ఆడుకుంటారు, ఆ ఆటలన్నీ కలిపి టీవీవాళ్లకు ఒకే బేరంగా అమ్ముతారు, వచ్చింది పంచుకుంటారు. ఏ శనివారం ఎవరు ఎవరి ఊరెళ్లి ఫుట్‌బాల్ ఆడాలో రాసేది ప్రిస్సిల్లా.

చేరిన కొత్తలో, 2004లో, ఆ తొమ్మిదిలో ఒకటి ఉన్న హాల్డెన్‌కు ఆమె మొదటిసారి వెళ్లింది. చుట్టూ మొక్కజొన్న చేలు, మధ్యలో చిన్న ఊరు, ఊరి జనమంతా కూర్చున్నా నిండని స్టేడియం. అయినా నిండింది! పొరుగూళ్లన్నీ ఆకుపచ్చ చొక్కాలు తొడుక్కుని వచ్చేశాయి. చంకలో చంటిబిడ్డ నుంచి చక్రాల కుర్చీలో ముత్తవ్వ దాకా ఒక్క గొంతుతో పాడుతుంటే ప్రిస్సిల్లాకు ఒళ్లు గగుర్పొడిచింది. ఇంత జనాన్ని ఆమె సువార్త సభల్లోనే చూసింది. అక్కడైనా దేవుడు పిలిస్తే వస్తారు. ఇక్కడ పిలిచింది తన టైంటేబుల్! ఆ రోజు నుంచి ఆ పని మీద ఆమెకున్న భయభక్తులు ఎన్నడూ తగ్గలేదు.

కానీ పెద్ద చేప ఊరుకుంటుందా? పెద్ద కాన్ఫరెన్సులు తమ టీవీ ఛానళ్లకు కొత్త ఊళ్లు వెతుక్కుంటున్న రోజులవి. జట్టు ఎలా ఆడుతుందన్నది తర్వాతి సంగతి, ఆ చుట్టుపక్కల ఎన్ని ఇళ్లలో కేబుల్ ఉందన్నదే ముందు చూసేవారు. 2012లో అలాంటి పెద్ద కాన్ఫరెన్సు ఒకటి మార్లో యూనివర్సిటీని ఎగరేసుకుపోయింది. కూటమిలో పెద్దకొడుకులాంటిది మార్లో. ఇంకొక్క సీజన్ ఆడి వెళ్లిపోతామని చెప్పేసింది.

కూటమి కమిషనర్ గ్రేడీ ఆరితేరిన మనిషి. మిగిలిన ఎనిమిది యూనివర్సిటీలూ తమ టీవీ హక్కులను ఏళ్ల తరబడి కూటమికే రాసిచ్చేయాలన్నాడు. అలా రాసిచ్చాక ఎవరు వెళ్లినా ఒట్టి చేతులతో వెళ్లాలి, ఒట్టి చేతులవాణ్ణి ఎవరూ పిలవరు. ఏడుగురు సరేనన్నారు. హాల్డెన్ మాత్రం డిసెంబర్ మీటింగ్‌లో చెబుతామంది. హాల్డెన్‌కూ పెద్ద కాన్ఫరెన్సుల నుంచి కబుర్లు వస్తున్నాయని అందరికీ తెలుసు. అది కూడా పోతే టీవీవాళ్లు ఒప్పందం చింపేస్తారు, కూటమి గంగలో కలుస్తుంది, ఆఫీసుకు తాళం పడుతుంది.

వెళ్లిపోయేవాళ్లకు మంచి తేదీలివ్వకపోవడం ఆ వ్యాపారంలో రివాజు. ప్రిస్సిల్లాకు అది చేత కాలేదు. మార్లో ఆఖరి ఆటను నవంబర్ చివర థాంక్స్‌గివింగ్ పండగ శనివారం హాల్డెన్‌లో పెట్టింది. తాతల నాటి పోటీ ఆ రెండిటిదీ. నర్సాపురంలో వాళ్ల సంఘం నుంచి ఒక కుటుంబం, కొత్త మైకులూ రంగు లైట్లూ ఉన్న పెద్ద చర్చికి వెళ్లిపోతుంటే, సంఘ పెద్దగా దేవసహాయంగారు వాళ్లను ఆఖరి ఆదివారం ముందు వరుసలో కూర్చోబెట్టి, ప్రార్థన చేయించి, ప్రేమవిందు పెట్టి పంపారు. అప్పుడు ఊరంతా నవ్వింది. కూతురికి మాత్రం అదే అలవాటైంది.

టైంటేబుల్ బయటికొచ్చాక గ్రేడీ తల పట్టుకున్నాడు. ఆ ఆటను టీవీవాళ్లు ఎగిరి గంతేసి దేశమంతటికీ చూపిస్తామన్నారు. హాల్డెన్ నిండు స్టేడియంతో దేశం కళ్లలో పడుతుంది, ధర పెరుగుతుంది, అవతలివాళ్లు ఎత్తుకుపోతారు. పిల్లను ముస్తాబు చేసి పక్కింటి పెళ్లికొడుకు ముందు కూర్చోబెట్టినట్టైందన్నమాట. పొరపాటు ప్రిస్సిల్లాకు అర్థమయ్యేసరికి ఆలస్యమైపోయింది. వేసిన తేదీ ఇక మారదు.

ఆ శనివారం సన్నగా మంచు పడుతోంది. హాల్డెన్ యూనివర్సిటీ ప్రెసిడెంట్ డాక్టర్ విట్లాక్, ఆ చేలల్లోనే పెరిగిన రైతుబిడ్డ, అతిథుల గదిలో కూర్చుంది. ఆమెకు అటూ ఇటూ పొడవాటి కోట్లు వేసుకున్న ఇద్దరు అవతలి కాన్ఫరెన్సు మనుషులు. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ ప్రిస్సిల్లాకు ఆట కంటే ఆ కోట్లే ఎక్కువ కనిపించాయి.

మార్లో గెలిచింది. గెలిచినవాళ్లు గంతులు వేయలేదు. వాళ్ల జనం సీట్లలోంచి లేవలేదు. ఏడాది విడిచి ఏడాది ఇక్కడికొచ్చి ముసలివాళ్లైనవాళ్లు మంచులో కూర్చుని ఏడుస్తున్నారు. అప్పుడు ఆకుపచ్చ చొక్కాల జనం మైదానం దాటి అటు నడిచారు. ద్రోహులని తిడతారేమోనని ప్రిస్సిల్లా ముందుకు జరిగింది. వాళ్ల చేతుల్లో ఫ్లాస్కులున్నాయి, ఇంటి నుంచి తెచ్చుకున్న పై అనే తీపి రొట్టెలున్నాయి. పక్కన కూర్చుని కాఫీ పోసిచ్చారు. అంతమంది మనుషుల్లో ఒక్కరూ గొంతు పెంచలేదు. లోకంలో ఇలాంటిది కూడా ఉందా అని ఆమె కళ్లు తుడుచుకోవడం కూడా మరిచి చూస్తూ ఉండిపోయింది.

అమ్మాయి దగ్గర ఆరు నెలలు ఉందామని వచ్చిన దేవసహాయంగారు ఆట టీవీలో చూశారు. ఆమె ఇల్లు చేరగానే అడిగారు.

"ఆట అవ్వగానే కట్టేశాడమ్మా టీవీవాడు. వెళ్లేవాళ్లకు ఏమన్నా పెట్టి పంపారా?"

"పెట్టారు నాన్నా."

"అయితే సరే" అని ఆయన ప్రార్థనకు లేచారు.

డిసెంబర్ మీటింగ్‌లో గ్రేడీ ముఖాన నెత్తురుచుక్క లేదు. విట్లాక్ హక్కులు రాసిచ్చే కాగితాలు ముందుకు లాక్కుని, సంతకం పెట్టి, అప్పుడు మాట్లాడింది.

"ఓడినవాళ్లు ఏడవడం నేను చాలాసార్లు చూశాను. గెలిచినవాళ్లు ఏడవడం మొన్ననే చూశాను. మా ఊరివాళ్లను అలా ఏడిపించే డబ్బు నాకొద్దు."

గ్రేడీ తడబడుతూ కృతజ్ఞతలు చెబుతున్నాడు. ఆమె అతన్ని దాటుకుని ప్రిస్సిల్లా దగ్గరికొచ్చింది. ఇక మార్లో లేదు కదా, వచ్చే ఏడు ఆ శనివారం తమ ఊరికి ఎవరొస్తారని అడిగింది. ప్రిస్సిల్లా మనసులో పేర్లు లెక్కపెట్టుకుంది. మిగిలిన ఏడు పేర్లలోనూ ఆ రోజుకు తగిన పేరు లేదు.

"మార్లోవాళ్లనే పిలుద్దాం మేడమ్, చుట్టాల్లాగా. కూటమి బయటివాళ్లతోనూ ఆడొచ్చు కదా. మీరు కడుపు నింపి పంపించారు. వస్తారు."